రాతపూర్వక అనుమతి

నాలుగింటికి రమ్మన్నారు, నాలుగుంపావు దాటింది, తలుపు తెరుచుకోలేదు. కరస్పాండెంట్ గది బయట ఈ బల్ల మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను, చెమటకు చున్నీ మెడకు అంటుకుపోయింది, పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి నా దాకా రావడం లేదు, ఈ కాలేజీలో గాలి కూడా పెద్దవాళ్ల గదిలోకే పోతుందేమో. లోపల జకర్యా సార్ ఉన్నారు, ఆఫీసు పనులన్నీ చూసే పెద్ద ఆయనే. కొత్తగా వచ్చిన సిస్టమ్స్ ఇంజనీరు సుకుమార్ ఉన్నాడు. ఎదురుగా కరస్పాండెంట్, అంటే ఈ కోచింగ్ కాలేజీ యజమాని. ముగ్గురూ నా గురించే మాట్లాడుకుంటున్నారు, నేను మాత్రం బయట. సోమవారం పొద్దున పదింటికి నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరాలి. చేరాలంటే ఇక్కడి నుంచి ఒక్క కాగితం పట్టుకుపోవాలి: బాణోత్ సరళ మా దగ్గర రెండేళ్లు ల్యాబ్ అసిస్టెంటుగా చేసింది, మా కంప్యూటర్ల భద్రతను పరీక్షించింది, నడవడిక మంచిది. మూడంటే మూడు లైన్లు. పోయిన సోమవారం ఆ మూడు లైన్లు అడిగాను, గురువారానికల్లా నన్ను దొంగను చేశారు.

దొంగ! ఏ దొంగ అయినా కన్నం వేసిన ఇంట్లో తన పేరు రాసిపెట్టి పోతాడా? నేను రాసిపెట్టాను. ప్రశ్నపత్రాల ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు, అందులో రెండు ముక్కలు, ఈ ఫోల్డరుకు తాళం లేదు, పిల్లల ల్యాబులో పద్నాలుగో కంప్యూటరు నుంచి తెరిచాను, ఏ పేపరూ చూడలేదు అని, కింద నా పేరు, తేదీ, టైము. చేసిన పనికి ఆనవాలు వదలాలని నేను చదివిన సెక్యూరిటీ కోర్సు పుస్తకంలో ఉంది, వదిలాను. మర్నాడు ఆదివారం, ఆ పై సోమవారం జకర్యా సార్‌కు నోటితో చెప్పాను కూడా, సార్, పేపర్లన్నీ బజారులో పెట్టినట్టే ఉన్నాయి, పిల్లలెవరైనా చూస్తే అంతే సంగతులు అని. “మంచిదమ్మా, చూద్దాం” అన్నారు. చూద్దాం చూద్దాం అంటూ నెల గడిచింది. పోయిన ఆదివారం ఎంసెట్ గ్రాండ్ టెస్టులో ఒకే సెక్షన్‌లో ఏడుగురికి ఒకే జవాబులు, తప్పులు కూడా ఒకటే. అప్పుడు తెల్లారింది వీళ్లకు. సుకుమార్ వెళ్లి ఫోల్డరు తెరిస్తే నా పేరు దొరికింది, ఇంకేం కావాలి, కేసు తేలిపోయింది! నేను ఒక నెల ముందు రాసిన తేదీ వాళ్ల కళ్లకు ఆనలేదు. పేరు మాత్రం ఆనింది, ఇంటిపేరుతో సహా.

తుమ్ము వచ్చింది. ఆపుకుందామంటే మరింత వచ్చింది. మార్కెట్ యార్డు నుంచి మిరప ఘాటు ఈ మూడో అంతస్తు దాకా ఎక్కుతుంది, ఏప్రిల్‌లో ఖమ్మం అంతా తుమ్ముతూనే ఉంటుంది. ఈ కాలేజీలో నేను చేసిన మొట్టమొదటి పని కూడా అదే, అరవై కంప్యూటర్లు విప్పి లోపలి ఎర్ర దుమ్మును పెయింటు బ్రష్షుతో ఊడ్చడం. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఊడుస్తుంటే ఈ దుమ్ములో మా బాపు తెచ్చిన బస్తాల మిరప కూడా ఎంతో కొంత ఉంటుంది కదా అని నవ్వొచ్చింది. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరు దూలయ్య నా తుమ్ము విని లేచి నీళ్లు తెచ్చాడు.

“తాగు బిడ్డా. పరేషాన్ గాకు. సార్ కోపం పాలపొంగు.”

“నేనేం తప్పు జేసిన్నే?” అన్నాను.

“గా మాట నన్నడిగితే ఏం జెప్పాలె?” అని మళ్లీ వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. నిజమే, ఆయన్ని అడిగి ఏం లాభం. ఎవరిని అడగాలో వాళ్లు లోపల ఉన్నారు.

నేనేం తప్పు చేశాను? ఈ మాట మూడు రోజులుగా నా తలలో గిరగిరా తిరుగుతోంది, తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తోంది, ఆ చోటంటే నాకు భయం, అందుకే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. చదవడం తప్పా? మా తండా కారేపల్లి నుంచి లోపలికి నాలుగు మైళ్లు, దాటితే అడవి. సెక్యూరిటీ కోర్సు చదువుతున్నానంటే యూనిఫాం ఇస్తారా, లాఠీ ఇస్తారా అని అడిగారు తండాలో. మా బాపు బద్యా మాత్రం, కాదు, కంప్యూటర్లలో దూరే దొంగలను పట్టే చదువు అని అందరికీ తిరిగి తిరిగి చెప్పాడు, ఆ దొంగలు ఎలుకల్లా ఉంటారా అని ఎవరో అడిగితే సమాధానం కోసం నా వైపు చూశాడు. పుస్తకం ఇంగ్లీషు, పక్కన నిఘంటువు, ఒక్కో పేజీకి ఒక్కో పూట. ఫైర్‌వాల్ అంటే ఏమిటో ఎన్నిసార్లు చదివినా ఎక్కలేదు, చివరికి భద్రాచలం బస్సులో పోతుంటే అడవి చెక్‌పోస్టు దగ్గర ఎక్కింది. అడ్డంగా వెదురు బొంగు, పక్కన గార్డు, తెలిసిన మొహమైతే ‘మనోళ్లే’ అని ఎత్తేస్తాడు, లారీ లోపల టేకు దుంగ ఉన్నా సరే. కొత్త మొహమైతే చద్దిమూట కూడా విప్పిస్తాడు. ఓహో ఇదేనా అనుకున్నాను. ఆ తర్వాత పుస్తకంలో సగం దానంతటదే అర్థమైంది. పోర్టుల నంబర్లు మిరప చేనులో నోటికి పట్టాను, ఇరవై ఒకటి ఫైళ్లు పంపే దారి, ఇరవై రెండు తాళం ఉన్న దారి, ఇరవై మూడు తాళం లేని దారి, ఎనభై వెబ్‌సైట్లది, ఒక్కో సాలుకు పది నంబర్లు, కాయ తెంపుతూ గొణుగుతుంటే మా యాడి, అదే మా అమ్మ బాలి, పక్క సాలులోంచి తల ఎత్తి చూసేది, పిల్లకు గాలి సోకిందేమోనని ఆమె అనుమానం. సోకితే బాగుండేది. అమ్మవారి దగ్గర నిమ్మకాయ తిప్పితే పోయేది. ఇది పోదు.

మొదటిసారి ఆ కోర్సు పరీక్ష తప్పాను. పరీక్షకు హైదరాబాదు దాకా మణుగూరు రైల్లో నిలబడి పోయి, నిలబడి తిరిగి వచ్చాను, మూడు ప్రశ్నల తేడా. మాట తెలియక తప్పాను తప్ప విషయం తెలియక కాదు, అదీ నా మంట. రెండోసారి చివరి బటన్ నొక్కి కళ్లు మూసుకున్నాను, తెరిచేసరికి స్క్రీను మీద పాస్ అని ఉంది. ఆ స్క్రీను నన్ను కులం అడగలేదు, ఊరు అడగలేదు, మీ తండాలో కరెంటు ఉందా అని అడగలేదు. కుర్చీలోనే ఏడ్చాను, పక్క కుర్చీ అబ్బాయి నేను తప్పాననుకుని ఓదార్చాడు. కాగితం చేతికి వచ్చాక తెలిసింది దాంతో ఏమీ కాదని. ఎక్కడికి పోయినా చేత్తో ఏం చేశావు అంటారు. చేత్తో చేయాలంటే ఎవరో ఒకరు తమ కంప్యూటరు ముట్టుకోనివ్వాలి, ముట్టుకోనివ్వాలంటే ముందు చేసి ఉండాలి. ఈ తిరకాసు ఎవడు పెట్టాడో గాని వాడికి మా తండా దారిలో ముళ్లు గుచ్చుకోవాలి.

ఆ రోజుల్లో దారి చూపింది జకర్యా సారే, అది కాదంటే నా కళ్లు పోతాయి. కాలేజీ పాతసామాను గదిలో పడి ఉన్న మూడు పాత కంప్యూటర్లు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే చిన్న స్విచ్చు డబ్బా, నాలుగు వైర్లు ఇచ్చారు, తీసుకుపోమ్మా, నీ తిప్పలేవో నువ్వు పడు అన్నారు. నా కిరాయి గదిలో మంచం ఒక మూలకు నెట్టి మూడింటినీ నేల మీద పరిచాను. ఒకదాన్ని ఇల్లు చేశాను, ఒకదాన్ని కాపలా పెట్టాను, మూడోదాని ముందు నేను దొంగనై కూర్చున్నాను. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా కరెంటు ఉండేది, ఆ రెండు గంటలూ నాకు నేనే కన్నం వేసుకోవడం, పూడ్చుకోవడం. ఇంటామె ముత్యాలమ్మత్త ఒకరోజు గడపలో నిలబడి అడిగింది, “పొద్దుగాల్నే ఏం జేస్తవమ్మా గా డబ్బాల ముంగట?” అని. “దొంగలు ఎట్ల వస్తరో నేర్చుకుంటున్న అత్తా” అన్నాను. ఆ సాయంత్రం నుంచి బీరువా తాళంచెవి ఆమె బొడ్లోకి చేరింది. అప్పుడు పడీ పడీ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు, ముత్యాలమ్మత్తకూ కరస్పాండెంటుకూ తేడా ఏముంది, ఆమె నయం, మొహం మీద అడిగింది.

నాలుగు నలభై. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరూ రాలేదు.

సరే, ఆ చోటికే వస్తాను, తప్పించుకుని ఎక్కడికి పోతాను. ఆ పరీక్ష పుస్తకంలో మొదటి పాఠం మొదటి పేజీ ఒక్కటే మాట చెబుతుంది, ఎవరి కంప్యూటరునైనా పరీక్షించే ముందు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకో, కాగితం లేకపోతే చేయి పెట్టకు. దాని మీద నాలుగు ప్రశ్నలు వచ్చాయి, నాలుగూ కరెక్టుగా రాశాను. మరి అంత తెలిసినదానివి ఏం చేశావే సరళా? కాగితం టైపు చేశాను, అదైనా చేశాను. రెండో శనివారం కాలేజీకి సెలవు, ఆ రోజు పరీక్షిస్తానని, ఏయే కంప్యూటర్లో, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకానో, కింద సంతకానికి గీత. ముందురోజు మధ్యాహ్నం ఆఫీసు గదికి వెళ్లాను. జకర్యా సార్ డబ్బా విప్పుకుని అన్నం కలుపుకుంటున్నారు, పచ్చిపులుసు వాసన, చేతికి మెతుకులు. సార్, ఇది కొంచెం అని కాగితం చాపాను. ఆయన చదివారు. చదివాక నా మొహం వైపు చూసిన చూపు ఇప్పటికీ ఇక్కడ గుచ్చుకుంటోంది, నేనేదో ఆయన పళ్లెంలోంచి లాక్కున్నట్టు. “మనింట్ల పనికి గూడ దస్తావేజు గావాల్నా అమ్మా? చూడమని నేన్ జెప్తున్న గద. చూడు” అన్నారు. పోయింది నా ప్రాణం. అయ్యో అట్లేం గాదు సార్, ఊరికే అన్నాను, కాగితం మడిచి బ్యాగులో పెట్టేశాను, తర్వాత దాని వెనకవైపు రైళ్ల టైములు రాసుకున్నాను.

ఇంత చదివి ఆ ఒక్క క్షణం ఎందుకు ఓడిపోయాను అంటే, మా దగ్గర మాటే కాగితం. తండాలో నాయక్ ఇంటి ముందు నలుగురు కూర్చుని ఒక మాట అనుకుంటే అయిపోయినట్టే, మా బాపు పక్కచేను రామ్‌సింగ్ కోసం గట్టు జరిపింది మాట మీదే, నాకు ఈ కాలేజీలో పని దొరికింది మాట మీదే. పెద్దమనిషిని రాసివ్వమని అడిగితే నువ్వు అబద్ధాలకోరువి అని తిట్టినట్టే లెక్క. అందులోనూ నాకు మూడు కంప్యూటర్లు ఊరికే ఇచ్చిన మనిషిని, చండ్రుగొండ చర్చి పండగకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించిన మనిషిని. ఎట్లా అడుగుతాను? ఆ పుస్తకం రాసినవాళ్లకు జకర్యా సార్ లేడు. ఉంటే తెలిసేది. వాళ్లకు సంతకం పెట్టు అంటే పెడతారు, ఎవరి మొహమూ చిన్నబోదు. మాకే ఈ తిప్పలు, మొహాలు చూసి బతికేవాళ్లం, చెక్‌పోస్టు గార్డును చూసి నవ్వుకున్నాను గాని నేను చేసిందేమిటి, తెలిసిన మొహం కదా అని బొంగు ఎత్తేశాను. సిగ్గు లేదా నీకు?

హైదరాబాదులో ఇంటర్వ్యూ చేసిన ప్రమీలారాణి మేడం గంటసేపు అడిగింది. నా ఇంగ్లీషు మూడుసార్లు ఆగిపోయింది, మూడుసార్లూ ఆమె ఆగింది. చేత్తో ఏం చేశారు అంటే కాలేజీ సంగతి చెప్పాను, ఎక్కడ కన్నం దొరికింది, ఎట్లా దొరికింది, ఏం ముట్టుకోకుండా ఎట్లా బయటికి వచ్చాను, చెబుతుంటే నాకే ఒంట్లో వేడి పుట్టింది, ఇంగ్లీషు దానంతటదే వచ్చింది. ఆమె పెన్ను పక్కన పెట్టి విన్నది. చివర్లో అడిగింది, అనుమతి తీసుకున్నారా? తీసుకున్నానండీ అన్నాను. అబద్ధమా? కాదు. నిజమా? అదీ చెప్పలేను. అయితే మీ కాలేజీ నుంచి ఆ పని గురించి ఒక లెటర్ తెండి, సోమవారం చేరండి అంది. బస్సెక్కి సూర్యాపేట దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను, పక్క సీటామె జరిగి కూర్చుంది.

ఇప్పుడు జకర్యా సార్ ఒక్క మాట అంటే చాలు. నేనే చెప్పిన సార్, పిల్ల తప్పేం లేదు. పది సెకన్ల పని. అంటారు. ఎందుకనరు, ఆదివారం ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. కాని ఆయన బిడ్డ జెస్సికా ఇదే కాలేజీలో చదువుతోంది, ఫీజు లేకుండా, కరస్పాండెంట్ దయ మీద. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, లోపల కూర్చున్నాయనకు ఇంకా బాగా తెలుసు. చేయమన్నది తానేనని ఆయన ఒప్పుకుంటే, మరి నెల కిందట ఆ పిల్ల వచ్చి చెబితే ఏం చేశావయ్యా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వస్తే ఏడుగురి పేపర్ల పాపం ఆయన మెడకు చుట్టుకుంటుంది. అయినా అంటారు. అనాలి. అనకపోతే నేనేమై పోవాలి? మళ్లీ ఎర్ర దుమ్ము ఊడ్చుకుంటూ బతుకుదామన్నా ఇక్కడ కుదరదు, దొంగ అని పేరు పడ్డాక ఖమ్మంలో నాకు బ్రష్షు కూడా ఎవరూ ఇవ్వరు. పోలీసు కాగితం పడితే నా సర్టిఫికెట్టు చిత్తుకాగితమే. అంటారులే. ఎందుకింత కంగారు.

“రమ్మంటున్నరు” అన్నాడు దూలయ్య. ఐదూ ఐదు.

గది చల్లగా ఉంది, ఏసీ. చెమట ఒక్కసారి గడ్డకట్టినట్టయింది. కూర్చోమనలేదు. కరస్పాండెంటుది సత్తుపల్లి వైపు మాట, గొంతు పెంచకుండానే అడిగాడు.

“ఆ పని చేయమని నీకు ఎవరు చెప్పారమ్మా?”

“జకర్యా సార్ చెప్పిన్రు సార్. రెండో శనివారం ముందురోజు, అన్నం తినేటప్పుడు. దొరికింది గూడ సోమవారమే సార్‌కు చెప్పిన.”

“ఏమండీ జకర్యా గారూ?”

జకర్యా సార్ కళ్లజోడు తీశారు. చొక్కా అంచుతో తుడిచారు. రెండో అద్దం కూడా తుడిచారు, మళ్లీ మొదటిది తుడిచారు.

“నాకు యాదికి లేదు సార్” అన్నారు.

చెప్పలేదు అని ఉంటే కొట్లాడేదాన్ని. యాదికి లేదట. నాకు ఆ పచ్చిపులుసు వాసన కూడా యాదికి ఉంది, సార్! చూపుడువేలు మీద మెతుకు అంటుకుని ఉండటం యాదికి ఉంది. గట్టిగా అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని కిందికి చూస్తున్నారు, కళ్లజోడు లేని ఆ మొహం చాలా ముసలిగా ఉంది, నాకు జాలి కూడా వేసింది, ఆ జాలి మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

“చూడమ్మా, పోలీసుల దాకా పోవట్లేదు, అదే నీకు మేం చేసే మేలు. లెటర్ మాట ఇక ఎత్తకు. ఇవాళ్టితో నీ పని అయిపోయింది.” కరస్పాండెంట్ కాగితాలు సర్దుకున్నాడు. నేను తలుపు వైపు తిరిగాను. అప్పుడన్నాడు వెనక నుంచి, “పోయేముందు ఆ ఫోల్డర్ సంగతేదో చూసి వెళ్లు. రేపు తొమ్మిదింటికి టెస్టు, రెండు వేల మంది పిల్లలు. సుకుమార్ తాళం వేస్తే ప్రింటింగ్ గదిలో కూడా తెరుచుకోవట్లేదంట, మళ్లీ తీసేశాడు.”

సుకుమార్ కిటికీ వైపు చూస్తున్నాడు. నేను ఆగిపోయాను. తాళం వేయడం నాకు పదిహేను నిమిషాల పని, ఎవరు తెరవాలో ఎవరు తెరవకూడదో పేర్లు ఇచ్చి సరిచేస్తే చాలు, వీడు అందరికీ కలిపి వేసి ఉంటాడు, అందుకే ప్రింటింగ్ గదిలోనూ తెరుచుకోలేదు. నా చేతులు అప్పుడే పనిలోకి పోయాయి, పాడు చేతులు, ఎవరు పిలిచినా పోతాయి. దొంగను పిలిచి తాళం వేయమంటున్నారు. నవ్వాలా? రేపు మళ్లీ పేపరు బయటికి వస్తే చివరిసారి ఆ ఫోల్డర్ ముట్టుకున్నది ఎవరు? నేను. ఎవరు ముట్టుకోమన్నారు? ఎవరికీ యాదికి ఉండదు.

“రాసియ్యండి సార్” అన్నాను.

“ఏం రాయాలి?”

“నన్ను చెయ్యమని మీరు చెప్తున్నట్టు. నా పేరు, ఏ కంప్యూటరు, ఏ ఫోల్డరు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా. కాలేజీ లెటర్‌హెడ్డు మీద. మీ సంతకం, ముద్ర.”

కరస్పాండెంట్ నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. జకర్యా సార్ తలెత్తారు. సుకుమార్ గోడ గడియారం చూశాడు. ఐదుంపావు, ప్రింటింగ్ గదిలో ఆరింటికి మిషన్లు మొదలవ్వాలి, ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

“ఎదురుగా నిలబడి నేనే చెబుతున్నాను కదమ్మా,” అన్నాడు కరస్పాండెంట్, “నా మాట మీద నమ్మకం లేదా?”

ఈ ప్రశ్నకు మా జిల్లాలో ఒక్కటే జవాబు ఉంది. అది నాలుక మీద సిద్ధంగానే ఉంది కూడా, పుట్టినప్పటి నుంచి ఉంది, అయ్యో అదేం మాట సార్ అని.

“లేదు సార్,” అన్నాను. “తేదీ గూడ వెయ్యండి.”